నెల్లూరు పొగతోట న్యూరో క్లినిక్: అయిదుకి నాలుగు స్టార్లు, ఎందుకో వివరంగా

ఇది పొడుగు రివ్యూ. ఇంట్లో పెద్దవాళ్ళకి వణుకో, మతిమరుపో, ఊరికే తూలి పడిపోవడమో ఉండి నెల్లూరులో ఎవరికి చూపించాలా అని వెతుక్కుంటున్నవాళ్ళు ఓపిగ్గా చదవండి, మిగతావాళ్ళు వదిలేయొచ్చు. క్లినిక్ పేరు మాత్రం రాయను, రాస్తే డబ్బులు తీసుకుని రాశాడంటారు. అయినా పేరు కంటే అక్కడ ఏం అడిగారు, ఏం చూశారు అన్నదే ముఖ్యం. మీరు వెళ్ళే డాక్టరు కూడా అవే అడుగుతున్నారా లేదా అని సరిచూసుకోవడానికి పనికొస్తుందని రాస్తున్నా.

మేం ఇద్దర్ని చూపించాం. ముందు మా పెద్దమ్మని, తర్వాత మా నాయనని. ఇద్దరికీ అంతకుముందు వేరేచోట్ల పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) అనే చెప్పారు, ఇద్దరికీ దానికి వాడే సిండోపా మాత్రలు మొదలుపెట్టారు. ఇక్కడికొచ్చాక తేలిందేంటంటే పెద్దమ్మకి అసలు ఆ జబ్బే లేదు, నాయనకి ఉన్నది దాని దాయాది జబ్బు. ఆ తేడా పట్టుకున్నందుకే ఈ నాలుగు స్టార్లు.

పెద్దమ్మది కోవూరు. గ్యాస్ ట్రబుల్ అని ఏడాది పైనే రోజూ పరగడుపున ఒక క్యాప్సూల్ మింగుతోంది, మందుల షాపులో చీటీ కూడా అడక్కుండా ఇచ్చేస్తారు. మెల్లగా రెండు చేతులూ వణకడం, మొహంలో ఏ భావమూ లేకపోవడం, కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి రావడం మొదలయ్యాయి. ఈ డాక్టరమ్మ రిపోర్టుల ఫైలు పక్కన పెట్టి "మందుల సంచి తెచ్చారా?" అని అడిగింది. తెచ్చాం గానీ అందులో బీపీ మాత్రలూ సిండోపా మాత్రమే ఉన్నాయి. "గ్యాస్‌కి, కళ్ళు తిరగడానికి, నిద్రకి ఏం వేసుకుంటారు? అవి కూడా మందులే కదా" అంది. పెద్దమ్మ కొంగుకి కట్టుకున్న చిన్న పర్సులోంచి ఆ క్యాప్సూల్ స్ట్రిప్పు బయటికొచ్చింది. వెనక చిన్న అక్షరాల్లో రాబెప్రజోల్, దాని పక్కన లెవోసల్పిరైడ్ అని ఉంది. డాక్టరమ్మ పెన్నుతో లెవోసల్పిరైడ్ అన్న మాట చుట్టూ సున్నా చుట్టింది.

ఆవిడ చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత వరకూ రాస్తున్నా. పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతాయి, అందుకే కదలిక నెమ్మదిస్తుంది. లెవోసల్పిరైడ్ లాంటివి కణాల్ని చంపవు గానీ డోపమైన్ వెళ్ళి పనిచేయాల్సిన చోట అడ్డం కూర్చుంటాయి. బయటికి కనపడేది మాత్రం ఒకటే, వణుకూ బిగుసుకుపోవడమూ. వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్, కళ్ళు తిరగడానికి ఇచ్చే సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, మైగ్రేన్‌కి వాడే ఫ్లునరిజిన్, మానసిక జబ్బులకి రాసే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఇవన్నీ ఇదే బాపతు. అసలు పార్కిన్సన్స్ ఎక్కువగా ఒక పక్కనే మొదలవుతుంది, మందు వల్ల వచ్చేది తరచూ రెండు పక్కలా ఒకేసారి కనపడుతుంది. అలాగని ఇదొక్కటే గుర్తు పట్టుకుని తేల్చేయకూడదంది. సంక్రాంతికి ఆ క్యాప్సూల్ ఆపితే ఉగాదికి పెద్దమ్మ తన జడ తనే వేసుకుంది. సిండోపా కూడా డాక్టరమ్మే నిదానంగా తగ్గించి మానిపించింది. ఇక్కడ ఒక మాట, ఇది చదివి ఎవరూ సిండోపా సొంతంగా ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు బిగుసుకుపోయి విపరీతమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. ఇంకోటి, కొంతమందికి మందు ఆపినా వణుకు పోదు, పోయినట్టే పోయి తిరిగొస్తుంది, అంటే లోపల అసలు జబ్బు ముందే మొదలై ఉంటుంది. అందుకని పెద్దమ్మని ఇంకా రివ్యూకి రమ్మంటూనే ఉన్నారు.

గ్యాస్ మాత్ర అనగానే మనం దాన్ని మందుగా లెక్కేయం. మా వైపు ప్రతి ఇంట్లో ఉంటుంది, అల్లం మురబ్బా తిన్నంత మామూలుగా మింగేస్తారు. స్ట్రిప్పు తిప్పి చూడండి, అంతే నేను చెప్పేది.

నాయన సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. మాది అల్లూరు వైపు, ఆయన జీవితమంతా వరి సేద్యమే. రెండేళ్ళుగా నడక మారింది, అడుగులు చిన్నవయ్యాయి, కాళ్ళు ఈడుస్తూ నడుస్తున్నాడు. ఊళ్ళోనే దారి తప్పాడు. అన్నిటికంటే మమ్మల్ని భయపెట్టిందేంటంటే, పొద్దుగూకే వేళకి "వాకిట్లో పిల్లకాయలు కూర్చోనుండారు, వాళ్ళకింత అన్నం పెట్టు మే" అని అమ్మతో అనేవాడు. ఆయనకి మాత్రం భయం లేదు, ఆ పిల్లకాయల బట్టల రంగులు కూడా చెప్పేవాడు. చుట్టాల్లో కొందరు గాలి అన్నారు, కసుమూరు దర్గాకి తీసుకెళ్ళమన్నారు, తాయెత్తు కూడా కట్టాం. ఒక డాక్టరు పార్కిన్సన్స్ అని సిండోపా, వణుకు తగ్గడానికి పాసిటేన్ రాశాడు. వణుకు కాస్త తగ్గింది గానీ పిల్లకాయలు ఎక్కువయ్యారు, రాత్రంతా మాట్లాడుతూనే ఉండేవాడు. ఇంకోచోట చూపిస్తే ఆ భ్రమలకని హాలోపెరిడాల్ ఇచ్చారు. దాంతో మనిషి చెక్కలా బిగుసుకుపోయాడు, గుటక కూడా దిగలేదు. ఆ రోజుల టెన్షన్ గురించి ఇక్కడ రాయను.

ఈ క్లినిక్‌లో డాక్టరమ్మ నాయనని పలకరించి, "తాతా, ఈ ఏడు ఏం నాటు వేశారు?" అని ఆయనతో కాసేపు మాట్లాడి, తర్వాత కుర్చీ మా అమ్మ వైపు తిప్పుకుంది. అంతకుముందు ఎక్కడా మా అమ్మని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు, ఎప్పుడూ నన్నే అడిగేవాళ్ళు, నేనేమో ఉద్యోగం పేరుతో నెలకోసారి ఇంటికెళ్ళే మనిషిని. ఆవిడ అమ్మని అడిగినవి:

"నడక ముందు మారిందా, మతి ముందు మారిందా?"

"నిద్రలో అరవడం, కాళ్ళు చేతులు ఆడించడం ఉందా?"

"ఒకరోజు చక్కగా మాట్లాడి, మర్నాడు ఏమీ తెలియనట్టు ఉంటాడా?"

"వాసన తెలుస్తుందా? మలబద్ధకం ఎన్నాళ్ళ నుంచి?"

అమ్మ చెప్పిన జవాబు విని నేనే నోరు తెరిచా. "పదేండ్ల నుంచీ అంతేనమ్మా, నిద్రలో ఎవర్నో తరుముతా తంతా ఉంటాడు, ఒకసారి నా దవడ మీద తగిలింది, అందుకే నేను కింద చాపేసుకుని పడుకుంటా" అంది. ఇంట్లో అది ఒక జోకు, నాయన కలలో ఎద్దుల్ని తోలుతున్నాడని నవ్వుకునేవాళ్ళం. మామూలుగా కలలొచ్చే నిద్రలో మెదడు ఒంటిని కదలకుండా కట్టేసి ఉంచుతుందట, ఆ కట్టు తెగిపోతే మనిషి కలని ఒంటితో ఆడేస్తాడు. ఈ జబ్బుల్లో అది వణుకు కంటే, మతిమరుపు కంటే ఎన్నో ఏళ్ళ ముందే మొదలవ్వొచ్చు.

జబ్బు పేరు లెవీ బాడీ డిమెన్షియా, డిమెన్షియా అంటే మతి తగ్గిపోయే జబ్బు. పూటపూటకీ మారే తెలివి, కళ్ళకి స్పష్టంగా కనపడే మనుషులూ జంతువులూ, నిద్రలో తన్నుకోవడం, పార్కిన్సన్స్ లాంటి నడక, ఈ నాలుగే దానికి ముఖ్యమైన గుర్తులు. మతిమరుపుతో పాటు వీటిల్లో రెండు ఉంటే చాలు దాదాపు ఖాయమనుకోవచ్చు, నాయనకి నాలుగూ ఉన్నాయి. పార్కిన్సన్స్ గురించి జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే రాశాడు. ఆ రోగుల మెదడు కణాల్లో పేరుకునే ముద్దల్ని లెవీ అనే జర్మన్ డాక్టరు 1912లో చూశాడు. అవే ముద్దలు మెదడు పైపొర నిండా ఉంటే మతి కూడా పోతుందని 1976లో జపాన్ డాక్టరు కొసాకా చెప్పాడు. ఆ ముద్దల్లో ఉండేది ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీను, రెండు జబ్బుల్లోనూ అదే. మరి తేడా ఎక్కడ? నడక జబ్బు వచ్చి ఏడాది దాటాక మతి తగ్గితే దాన్ని పార్కిన్సన్స్‌తో వచ్చిన డిమెన్షియా అంటారు, మతి ముందు తగ్గినా లేక రెండూ ఏడాదిలోపు వచ్చినా లెవీ బాడీ అంటారు. లోపలి ముద్ద ఒకటే అయినప్పుడు క్యాలెండర్ చూసి పేరు పెట్టడమేంటి మేడం అని అడిగేశా. ఆవిడ నవ్వి, "పేరు సంగతి అలా ఉంచండి, మీ నాయనకి ఏ మందు ఇవ్వకూడదో తెలియడం ముఖ్యం" అని ఓపీ చీటీ మీద ఎర్ర పెన్నుతో హాలోపెరిడాల్ ఇవ్వరాదు అని రాసి, ఫోటో తీసుకుని ఫోన్లో పెట్టుకోమంది. ఈ జబ్బున్నవాళ్ళకి అలాంటి మందులు ఒక్కోసారి ప్రాణాంతకం. పాసిటేన్ కూడా పెద్దవయసులో మతిని ఇంకా చెడగొడుతుంది, దాన్ని మెల్లగా తీసేసింది.

అల్జీమర్స్ కాదని ఎలా అన్నారంటే, దానికి సైకాలజిస్టు దగ్గర గంట పైనే పట్టింది. పరీక్షంతా తెలుగులోనే. ఇదేం చిన్న విషయం కాదు, అంతకుముందు ఒకచోట నాయనని ఇంగ్లీషు నెలలు వెనకనుంచి చెప్పమన్నారు, ఆయన చైత్రం వైశాఖం మనిషి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు తెలుగుతో కలిపి అయిదు భాషల్లో ఇలాంటి పరీక్షలు తయారుచేయించారని ఆ సైకాలజిస్టు అమ్మాయే చెప్పింది. మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక అడిగితే నాయనకి రాలేదు గానీ, "ఒకటి పండు" అని అందిస్తే వెంటనే చెప్పేశాడు. అల్జీమర్స్‌లో అలా అందించినా ఎక్కువగా రాదట, అసలు లోపల నమోదే కాదు కాబట్టి. అదే గడియారం బొమ్మ వేయమంటే మాత్రం అంకెలన్నీ ఒక పక్కనే కుప్ప పోశాడు. ఎమ్మారైలో కూడా జ్ఞాపకాల భాగం వయసుకి తగ్గట్టే ఉంది, మరీ కుంచించుకుపోలేదు. బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేశారు, అవి తక్కువైనా మతి మందగిస్తుంది, అవి సరిచేసుకోగలిగినవి.

గదిలో చేసిన పరీక్షలు చూడ్డానికి ఆటల్లా ఉంటాయి గానీ ఒక్కోదానికీ ఒక్కో జబ్బు ఉంది. బొటనవేలూ చూపుడువేలూ టపటపా కొట్టమన్నారు. సంతకం చేయించారు, పార్కిన్సన్స్‌లో అక్షరం పోనుపోనూ చిన్నదైపోతుంది. వరండాలో నడిపించి వెనక్కి తిప్పారు. పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి మూడు నిమిషాల దాకా మళ్ళీ మళ్ళీ చూశారు. పై అంకె 20 పడిపోతే లెక్కలోకి వస్తుంది, నాయనకి అంతకంటే ఎక్కువే పడింది, పొద్దున లేవగానే తూలిపోవడానికి కారణం అదీ. ఆ బీపీ పడిపోవడమే మొదట్నుంచీ విపరీతంగా ఉండి, మూత్రం సమస్య కూడా తోడైతే అది మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ అనే ఇంకో దాయాది కావచ్చట. ఆ తర్వాత తల కదపకుండా కళ్ళతో పైకీ కిందకీ చూడమన్నారు.

ఈ కళ్ళ పరీక్ష ఎందుకో వెయిటింగ్ హాల్లో తెలిసింది. కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒకామె, అరవై దాటి ఉంటాయి, మొదటి ఏడాదే పదేపదే వెనక్కి వెల్లకిలా పడిపోయిందట. మెట్లు దిగలేదు, తినేటప్పుడు కూరంతా చీర మీద పోసుకుంటుంది, ఎందుకంటే కళ్ళు కిందికి దిగవు, కంచం కనపడదు. దాన్ని పీఎస్‌పీ (ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ) అంటారు, 1964లో స్టీల్, రిచర్డ్‌సన్, ఒల్‌షెవ్‌స్కీ అనే ముగ్గురు డాక్టర్లు దాని గురించి రాశారు. అందులో పేరుకునేది వేరే ప్రొటీను, టావ్. సిండోపా దానికి పెద్దగా పనిచేయదు. వాళ్ళ కోడలు చెప్తుంటే నాకు అనిపించింది, ఎన్ని ఇళ్ళల్లో ఇలాంటివాళ్ళని కంచం చూసుకుని తినలేవా అని కసురుకుంటున్నారో.

వింజమూరు నుంచి వచ్చిన ఇంకో పెద్దాయనకి పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు నడక, బట్టల్లోనే మూత్రం, మతిమరుపు. అందరూ వయసు అనుకున్నారు. స్కాన్‌లో మెదడు లోపలి గదుల్లో నీరు ఎక్కువగా కనపడితే, వెన్నులోంచి కొంచెం నీరు తీసి, తీయకముందూ తీశాకా నడిపించి చూశారట. తీశాక నడక మెరుగైంది కాబట్టి ఆపరేషన్ చేసి నీరు కడుపులోకి పోయేలా గొట్టం వేస్తామన్నారు. ఈ మొత్తం గుంపులో బాగుపడే అవకాశం ఉన్నవాటిలో ఇదొకటి, దీన్ని వయసు ఖాతాలో వేయడం అన్యాయం.

టీ గ్లాసు పట్టుకున్నప్పుడే చేయి వణికి, ఒళ్ళో పెట్టుకుంటే వణకనివాళ్ళని ఆవిడ పది నిమిషాల్లో పంపించేస్తోంది, చాలావరకు అది ఎసెన్షియల్ ట్రెమర్, కుటుంబంలో వస్తుంది. పార్కిన్సన్స్ వణుకు దానికి రివర్స్, చేయి ఊరికే ఉన్నప్పుడే ఎక్కువ. చిన్న వయసులో వణుకొస్తే మాత్రం విల్సన్ జబ్బేమో (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) అని కళ్ళూ లివరూ చూపించమంటుంది.

నాకు బాగా నచ్చిన ఇంకో విషయం, అనవసరంగా స్కాన్లు రాయకపోవడం. మెదడులో డోపమైన్ చూసే స్కాన్ ఒకటుంది, దానికి చెన్నై పోదామా అని నేనే అడిగా. పెద్దమ్మ లాంటివాళ్ళకి మందు వల్లా అసలు జబ్బు వల్లా అని తేడా తేలకపోతే అది పనికొస్తుంది, నాయన విషయంలో గుర్తులే స్పష్టంగా ఉన్నాయి, డబ్బు దండగ అంది. అదే స్కాన్ పార్కిన్సన్స్‌కీ పీఎస్‌పీకీ తేడా చెప్పలేదు కూడా. నాటు మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది, దూలగొండి గింజల పొడి మా బాబాయి పంపించాడు. తిట్టలేదు, ఆ గింజల్లో నిజంగానే లెవోడోపా (మెదడులోకెళ్ళి డోపమైన్‌గా మారే మందు) ఉంటుంది, సిండోపాలో ఉండేదీ అదే, రెండూ కలిస్తే డోసు ఎంతో తెలియదు, పిల్లకాయలు ఇంకా ఎక్కువవుతారు అని చెప్పి ఆపించింది.

నాయనకి ముందు ఈసీజీ తీసి, మతికి ఇచ్చే డోనెపెజిల్ అనే మాత్ర మొదలుపెట్టారు, అది గుండె వేగాన్ని తగ్గించగలదు కాబట్టి. నయం అవుతుందని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. నాయన ఇప్పుడు మధ్యాహ్నం పూట మాతో మామూలుగా మాట్లాడుతున్నాడు, రాత్రి నిద్రపోతున్నాడు. పిల్లకాయలు అప్పుడప్పుడు వస్తారు, రావట్లేదని ఆయనతో వాదించొద్దు, "వాళ్ళు తినేసి వెళ్ళిపోయారు" అంటే సరిపోతుందని అమ్మకి చెప్పారు. అమ్మ ఆ పని నాకంటే బాగా చేస్తోంది.

ఇక తిట్లు. టోకెన్ పద్ధతి దండగ. పొద్దున ఎనిమిదికి పేరు రాయించినా మధ్యాహ్నం దాటాకే పిలుపు. నిలబడితే బీపీ పడిపోయేవాళ్ళు, వెనక్కి పడిపోయేవాళ్ళు వచ్చే క్లినిక్‌లో వెనక ఆనుకునే వీల్లేని బెంచీలు వేశారు, బాత్రూంలో పట్టుకోవడానికి ఒక్క కడ్డీ లేదు. ఎవరికి తోచిందో ఆ డిజైను. వీల్‌చెయిర్ ర్యాంపు ఎంత నిటారుగా ఉందంటే తోసేవాడికి ఆయాసం. అటెండర్ హాల్లోకి వచ్చి "ఆ మతిమరుపు పేషెంటు ఎవరండీ" అని అరిచాడు, పేరు పెట్టి పిలవడానికి ఏం రోగం? పేషెంట్లకి ఇచ్చే కరపత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంది, అమ్మ చేతికిస్తే ఏం చదువుతుంది, పరీక్షేమో తెలుగులో చేసి జాగ్రత్తలు మాత్రం ఇంగ్లీషులో ఇవ్వడమేంటి? సాయంత్రం ఆరు దాటాక వెళ్తే డాక్టరమ్మ కూడా హడావిడిగానే చూస్తుంది, కొత్త పేషెంటుని అయితే ఆ టైంకి తీసుకెళ్ళకండి.

ఫీజు 700, పదిహేను రోజుల్లోపు మళ్ళీ వస్తే తీసుకోరు. సైకాలజిస్టు పరీక్షకి వేరే కట్టాలి, ఆమె మంగళ, శుక్రవారాల్లోనే ఉంటుంది, ముందే అడిగి వెళ్ళండి. కార్లో వస్తే పొగతోట సందుల్లో పార్కింగ్ ఆశ పెట్టుకోకండి, మనిషిని క్లినిక్ ముందు దింపి బండి దూరంగా పెట్టుకోవాలి. ఇంట్లో ఉన్న ప్రతి మాత్ర, చూర్ణం, చుక్కల మందు, గ్యాస్ క్యాప్సూల్‌తో సహా, ఒక సంచిలో వేసుకెళ్ళండి. పక్కన పడుకునే మనిషిని తప్పకుండా తీసుకెళ్ళండి, రాత్రి సంగతులు వాళ్ళకే తెలుస్తాయి. నడకా చేతుల వణుకూ ఫోన్లో వీడియో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే డాక్టరు ముందుకెళ్ళగానే మా నాయన లాంటివాళ్ళు నిటారుగా నిలబడి అన్నిటికీ కరెక్టుగా జవాబు చెప్పేస్తారు. ఆదివారం ఓపీ లేదు.